బానెట్ మీద చెయ్యి

మే 4, ఆదివారం

కుప్పం పుస్తకాల ట్రస్టు నుంచి ఉత్తరం. ఉద్యోగం నాదే.

రెండుసార్లు చదివాను. మూడోసారి అమ్మకు వినిపించాను. రామకుప్పం వైపు తొమ్మిది పల్లె బడులు. నాలుగు రేకు పెట్టెల నిండా పుస్తకాలు. రోజుకు రెండు బడులకు వెళ్ళి పిల్లలకు చదివి వినిపించాలి, కొత్తవి ఇచ్చి పాతవి తెచ్చుకోవాలి. కుప్పంలో గది ట్రస్టువాళ్ళే ఇస్తారు. సోమవారం వెళ్ళడం, శనివారం మదనపల్లె ఇంటికి రావడం. చివర ఒక్క షరతు — సొంత కారు ఉండాలి, నేనే నడపాలి. జూన్ తొమ్మిదిన కారుతో కనిపించకపోతే జాబితాలో తర్వాతి పేరు.

ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: సాయంత్రం ఐదులోపు కుప్పం చేరుకోవాలి. ఆ తర్వాత ఏనుగులు అడవి దిగి రాగి చేలలోకి వస్తాయి.

లైసెన్సు ఉంది. కారు లేదు. ముప్పై ఆరు రోజులున్నాయి.

నాయన కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, ఉత్తరాన్ని మడిచి నాకే ఇచ్చాడు.

"బండి నేను సూస్తా."

అంతే. ఇక ఆ విషయం తీర్మానమైపోయినట్టే.

మే 5

నిజానికి మా వీధిలో ఎవరూ నాయన చెయ్యి పెట్టకుండా పాత బండి కొనరు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా మూడేళ్ళ కింద దిగిన మనిషి. ఇంజన్ స్టార్ట్ చేయిస్తాడు. అరచెయ్యి బానెట్ మీద పెడతాడు. కళ్ళు మూసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాట ఆపేస్తారు. నిమిషమో, రెండు నిమిషాలో. తర్వాత "తీసుకో" అంటాడు, లేదా తల అడ్డంగా ఊపుతాడు. ఇంతవరకు ఆయన మాట తప్పిపోయింది లేదు.

పాతదే కొనాలని ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం. "నేర్సుకునేదానికి పాతదే మేలు పాపా. గీత పడినా ఏడ్వవు."

ఏడవను. కానీ గీత పడనివ్వను.

మే 7

అమ్మ, వంటింట్లోంచి, గోడకు చెబుతున్నట్టు — "ఆటోవోణ్ణి ఆపమని సెప్పలేక బస్టాండు దాకా పోయి నడిసొచ్చిన పిల్ల... ఇది కారు తోల్తాదంట."

నిజమే. పోయిన ఏడు. మా సందు వచ్చింది, దాటిపోయింది, నోరు పెగలలేదు.

కారులో అయితే ఆపమని ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. బ్రేకు నా కాలి కిందే ఉంటుంది.

మే 8

నోట్‌బుక్‌లో రాసుకున్నవి. టైరు పక్కన నాలుగంకెలు — మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఎందుకని అడగాలి. ఆయిల్ మూత తీసి చూడాలి. కింద పరిచిన మ్యాట్లు ఎత్తి చూడాలి. పదిహేనేళ్ళు దాటితే ఆర్‌సీ మళ్ళీ రాయించారా లేదా. డిక్కీలో పెట్టెలు పడతాయా.

"అడగాలి" అని రాశాను. ఎవరు అడుగుతారు?

మే 9, శుక్రవారం

మొదటి కారు. మార్కెట్ యార్డు వెనక. టమోటా వ్యాపారి ఎర్రప్పది. తెల్లది, కడిగి తుడిచి మెరిపించారు.

ఎర్రప్ప వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "ఎనక సీటు సూడన్నా. కొత్త పెండ్లికూతురు. పదకొండేండ్లలో ఎవురూ కూర్సోలే. నా పిల్లోళ్ళ మీద ఒట్టు."

సీటు నిజంగానే కొత్తగా ఉంది. షోరూం ప్లాస్టిక్ కవరు కూడా చిరగలేదు. నాయన చెయ్యి పెట్టాడు. ఇంజన్ బాగుంది. నాకూ బాగానే వినిపించింది. ఆయన "తీసుకో" అనబోతున్నాడు.

నాకు వాసన వచ్చింది. పులుపు. కడిగినా పోని వాసన, యార్డు గోడల దగ్గర వచ్చేదే. నేను డిక్కీ తెరిచి, మ్యాటు ఎత్తి, స్టెప్నీ గుంతలో వేలు పెట్టాను. అడుగున తుప్పు. పొరలు పొరలుగా లేస్తోంది. తుప్పు మధ్యలో ఎండి అంటుకుపోయిన టమోటా గింజలు.

పైకి చెప్పలేదు. నాయన చొక్కా చెయ్యి పట్టి లాగి చూపించాను. ఆయన వంగి చూశాడు. తర్వాత మొదలైంది నవ్వు.

"ఏమప్పా ఎర్రప్పా. సీట్లో ఎవురూ కూర్సోలేదు, ఒప్పుకుంటా. సీటు యాడ కూర్సున్యాది ఇన్నేండ్లు?"

ఎర్రప్ప కూడా నవ్వేశాడు. "అటక మీద అన్నా. ఒట్టు అబద్ధం గాదు గదా."

సీటు పీకి అటకెక్కించి, పదకొండేళ్ళు ఆ ఖాళీలో క్రేట్లు మోశాడు. కారిన రసమంతా అడుగును తినేసింది. అమ్మే రోజు సీటు దించి బిగించాడు. మేం కాకపోతే ఇంకెవరో ఆ కొత్త సీటు చూసి మోసపోయేవాళ్ళు.

ఇంటికొచ్చేదాకా నాయన కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. "గింజలు పట్టుకున్యాది మా పాప!" నాకు సిగ్గు. కానీ బాగుంది.

రాత్రి అన్నం దగ్గర — "నువ్వు కండ్లతో సూడు. నేను సెవులతో సూస్తా. ఇంగ మనల్ని ఎవుడూ మోసం సెయ్యలేడు."

మే 12

డ్రైవింగ్ సాధన, రెండో రోజు. మస్తాన్ మామ షెడ్డు నుంచి అడిగి తెచ్చిన కారు. మామ పుంగనూరు రోడ్డులో మెకానిక్కు. నాయన బస్సు నడిపే రోజుల నుంచీ స్నేహం. మొదట ఊరు దాటేదాకా నాయన నడిపాడు. పక్క సీట్లో కూర్చుని నేను ఏవేవో అడిగాను — గేరు ఎప్పుడు మార్చాలి, లారీకి ఎంత దూరం వదలాలి. ఒక్కదానికీ జవాబు లేదు. ముందుకే చూస్తూ నడిపాడు.

చోట్లు మార్చుకున్నాం. నేను స్టీరింగ్ దగ్గర, ఆయన పక్కన. ఇక మాటలే మాటలు! అడిగినవీ అడగనివీ చెప్పాడు. సదుం దారిలో ఒకసారి బస్సుకు అడ్డంగా వంద గొర్రెలు కూర్చుంటే ఏం చేశాడో కూడా.

పాత బస్సుల్లో బోర్డు ఉండేది — డ్రైవరుతో మాట్లాడరాదు. ముప్పై ఏళ్ళు ఆ బోర్డు కింద కూర్చున్న మనిషి. అందుకే నడిపేటప్పుడు పలకడేమో అనుకున్నాను.

క్లచ్ వదలడంలో బండి ఇవాళ మూడుసార్లే ఆగిపోయింది. నిన్న ఏడు.

మే 15

వర్షం. రివర్సు. గోడకు జానెడు దూరంలో ఆపాను. కొలిచాను కూడా.

మే 18, ఆదివారం

పుంగనూరు. శివప్ప మామ ఇంటికి. నాయన బస్సులో పదకొండేళ్ళు కండక్టరు. మెయిన్ రోడ్డు మీదే ఇల్లు. చిన్నకొడుకు తన నీలం కారు అమ్ముతున్నాడు.

కాఫీలు. పాత కబుర్లు. నా కండ్లు పని చేశాయి — అడుగు శుభ్రం, టైర్లు రెండేళ్ళవి, మ్యాట్ల కింద పొడిగా ఉంది, పెట్టెలు నాలుగూ పడతాయి. బానెట్ ముట్టుకుంటే చల్లగా ఉంది. చల్లని ఇంజన్ అంటే దాచేదేమీ లేదన్నమాట. అన్నీ టిక్కులే.

కొడుకు స్టార్ట్ చేశాడు. నాయన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అందరూ మాట ఆపారు.

టక్... టక్... టక్...

కింద నుంచి. సన్నగా కాదు, లోపల ఎవరో వేలితో తలుపు కొడుతున్నట్టు. కొడుకు యాక్సిలరేటర్ కొంచెం తొక్కాడు. టక్ టక్ టక్ టక్. వెంటనే వదిలేశాడు.

నాయన కళ్ళు తెరవలేదు. అరచెయ్యి ఒకసారి కొంచెం జరిపి మళ్ళీ పెట్టాడు. నేను ఎదురుచూశాను. ఇప్పుడు తల అడ్డంగా ఊపుతాడు, ఇప్పుడు...

"బంగారం. ఒక్క సప్పుడు లేదు. తీసుకుంటాం శివప్పా."

శివప్ప మామ నేలకేసి చూశాడు. అత్త లోపలినుంచి కుంకుమ తెచ్చి బానెట్ మీద పెట్టింది. తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టింది. "మా ఇంటి లచ్చిమి, మీ ఇంటికి వస్తాండాది తల్లీ."

నేను నోరు తెరవలేదు. సందు దాటిపోయిన ఆటోలాగే.

తిరుగు బస్సులో నాయనకు ఎడమ పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాను. "నాయనా, ఆ ఇంజన్‌లో టక్ టక్‌మని ఏదో..." అన్నాను. ముందుకే చూస్తున్నాడు. మళ్ళీ అన్నాను, కొంచెం గట్టిగా. ఏమీ లేదు. మూడోసారి చెయ్యి తాకాను. తల పూర్తిగా తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టి — "ఏమన్నా అన్యావా పాపా?"

"ఏమీ లేదు" అన్నాను.

మే 19

ఎడమ నుంచి పిలిస్తే పలకడు. నాలుగుసార్లు పిలిచాను.
కుడి నుంచి, అదే గొంతుతో — "ఏం పాపా?"

అన్నం దగ్గర ఎప్పుడూ ఎడమవైపు గోడ ఉండేట్టే కూర్చుంటాడు. ఫోను కుడి చెవికే. టీవీ కుర్చీ కూడా అంతే. ఆ కుడి చెవికీ దగ్గరి మాటలే; ఇవాళ ఎవరో వీధి తలుపు కొడితే లేవలేదు. ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాను. చూడలేదు.

పాత బస్సుల్లో ఇంజన్ డ్రైవరు పక్కనే, ఎడమవైపు, రేకు మూత కింద. దానిమీద గోనెపట్ట. చిన్నప్పుడు ఆ గోనెపట్ట మీద కూర్చోబెట్టుకునేవాడు నన్ను; కింద వేడిగా ఉండేది, పళ్ళు కూడా అదిరేవి. ముప్పై ఏళ్ళు ఆ మోత ఆ చెవిలోకి.

అమ్మ మాత్రం — "మీ నాయనకు పిలిస్తే పలికే అలవాటు ఎప్పుడుండె? గర్వం."

గర్వం కాదమ్మా.

మే 20

మస్తాన్ మామ షెడ్డుకు వెళ్ళాను. ఒక్కదాన్నే. దారంతా వాక్యాలు పేర్చుకుంటూ.

మామ జీపు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అది నాకు సులువైంది — కాళ్ళతో మాట్లాడటం. నోట్‌బుక్ తెరిచి చదివాను: చల్లని ఇంజన్. కింద నుంచి శబ్దం. యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరుగుతుంది.

"బేటీ, పైనుంచి టిక్ టిక్‌మనా, కిందనుంచి టక్ టక్‌మనా?"

"కిందనుంచే మామా. టక్."

మామ బయటికి జారి వచ్చాడు. "బేరింగ్ పోయింది. నాలుగు పెట్టెలు ఏసుకుని ఆ రామకుప్పం ఎత్తులు ఎక్కితే మూడు నెలలు. ఏదో ఒక దినం అడవి పక్కన నిలబడిపోతావ్." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఎవరి బండి? మీ నాయన సూడలేదా?"

నేను నోట్‌బుక్ మూశాను.

"పుంగనూరు బండి. సూసినాడు" అన్నాను.

మామ నన్ను చూశాడు. తర్వాత స్టూలు లాగి నా ముందు పెట్టాడు. "కూర్సో బేటీ."

ఆయన చెప్పింది, చెప్పినట్టే రాసుకుంటున్నాను:

"మీ వీధోళ్ళు ఎవురు బండి కొన్యా ముందు ఈడికి తెస్తారు. నేను ఇప్పి సూసి బాగుందంటేనే ఆడికి, మీ నాయన దగ్గరికి పోతాది. బాగలేకుంటే పోనేపోదు. కొన్నిసార్లు ఆయన తల ఊపేదానికని ఒక సెడ్డ బండి గూడా పంపిస్తాం, పొగగొట్టం పగిలి ఊరంతా ఇనపడేది. మూడేండ్లాయె. ఎవురూ ఎవురికీ సెప్పుకోలేదు. అట్ల జరిగిపోతాండాది, అంతే. పుంగనూరు బండి నా దగ్గరికి రాలేదు."

ఆ నిశ్శబ్దం. నాయన కళ్ళు మూసుకుంటే వీధి మొత్తం మాట ఆపేది ఆయన వింటాడని కాదు.

ఇంటికి నడిచొచ్చాను. వీధి మొగలో బీడీల అంగడాయన, "ఏమ్మా, మీ నాయన బండి సూసినాడంట?" అన్నాడు. అతని కారు కూడా నాయన చెయ్యి పెట్టిందే. అతని ముఖం వైపు చూడలేకపోయాను. చూశాను. మంచి ముఖం.

మే 21

మూడు దారులు.
ఊరుకుని ఆ నీలం కారు కొనడం. కుదరదు. అడవి పక్కన ఆగిపోయేది నేను.
నాయనకు నిజం చెప్పడం. వీధి మూడేళ్ళు దాచినదాన్ని నేను ఒక్క మాటతో...
పెట్టెలు పట్టవని అబద్ధం. ఆయన పెట్టె మోసుకొచ్చి పెట్టి చూపిస్తాడు.

నాలుగోది శివప్ప మామ.

మే 22, గురువారం

"పుంగనూరు పోతాండా" అన్నాను అమ్మతో.
"ఒక్కదానివేనా?"
"ఒక్కదాన్నే."
అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

శివప్ప మామే తలుపు తీశాడు. నేను కూర్చోలేదు, కూర్చుంటే చెప్పలేనని తెలుసు. తాళంచెవి బల్ల మీద పెట్టాను.

"మామా, ఆ ఇంజన్‌లో శబ్దం ఉంది. నేను విన్నాను."

నా గొంతే.

ఆయన తాళంచెవి చూస్తూ — "మీ నాయన ఏమన్యాడు?"

"నాయనకు చెప్పలేదు."

మామ కూర్చున్నాడు. "బస్సులో కడపటి రెండేండ్లు నేను బెల్లు కొట్టలే పాపా. ఆయనకు ఇనపడదు. ప్రతి స్టాపుకూ ముందుకు పోయి భుజం తట్టేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు, ఏమప్పా నీ బెల్లు సెడిపోయిందా అని. సెడిపోయిందనేవాణ్ణి." ముఖం తుడుచుకున్నాడు. "ఆదివారం... మీ నాయన బంగారం అనేసినాడు. మావోడు నా తట్టు సూసినాడు. నేను మాట్లాడలే. మాట్లాడాల్సింది. పదకొండేండ్లు ఆయన సెవి నేనే గదా."

ఆ మనిషిని తిట్టాలని వెళ్ళాను. తిట్టలేదు. కానీ "ఫర్వాలేదు" అని కూడా అనలేదు. ఫర్వా ఉంది.

చివరికి ఆయనే — "మావోడు అమ్మనంటాండాడని నేను ఫోన్ సేస్తా. మాట తప్పినోణ్ణి నేనైతా. తిట్టుకోనీ. నాకు తగినదే."

సరే అన్నాను. అన్నాను కదా.

సాయంత్రం నాయన ఫోను. కుడి చెవి. ముఖం ఎర్రబడింది. "కుంకుమ పెట్టినాక గూడానా? అదేం మాటప్పా!" ఫోను మంచం మీదికి విసిరాడు. "పదకొండేండ్లు నా బస్సులో నిలబడినోడు. ఇంగ వాని మొగం సూడను."

నేను వంటింట్లోకి వెళ్ళి చింతపండు పిసికాను. అవసరం లేదు, అమ్మ చారు అప్పటికే దించేసింది.

మే 24

నాయన మాట్లాడటం లేదు. శివప్ప మామ మీద కోపం. ఆ కోపంలో సగం నాకు రావాల్సింది.

మే 27

ఇంకా పదమూడు రోజులే. కుప్పం ట్రస్టు మేడంకు ఫోన్ చేశాను. నేనే చేశాను, రాసుకున్న కాగితం లేకుండా. ఆమెకు తెలిసిన రిటైర్డు నర్సు ఒకరు కారు అమ్ముతున్నారట. సరోజమ్మ. పల్లెల్లో సూదులు వెయ్యడానికి తిరిగిన కారు. పదహారేళ్ళది.

"పదహారా?" — అమ్మ.
"ఆర్‌సీ మళ్ళీ రాయించారు. ఇంకో నాలుగేళ్ళు ఉంది" అన్నాను.

ఆ ఫోన్ సంగతి చెప్పగానే నాయన లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

జూన్ 1, ఆదివారం

కుప్పం. బూడిద రంగు కారు. ఎడమవైపు వెనక తలుపుకు ఇంత సొట్ట.

నాయన సొట్ట వైపు చూస్తుంటే సరోజమ్మ — "ఈడ ఎవురి బండికి సొట్ట పడినా ఏనుగు తొక్కిందంటారు. నాది ఏనుగు గాదు. మా ఇంటి గేటు. తప్పు నాదే."

అప్పుడే నచ్చేసింది, మనిషీ కారూ.

అడుగు చూశాను. చుక్క తుప్పు లేదు. వెనక సీటు బాగా అరిగిపోయి, మధ్యలో పల్లంగా ఉంది — పదహారేళ్ళు మనుషులు కూర్చున్న సీటు. సర్వీసు పుస్తకంలో ప్రతి పేజీ ఆమె చేతిరాత. టైరు రెండు మార్చాలి. ఆమే ముందు చెప్పింది. ధర మాత్రం రూపాయి తగ్గించలేదు. "రోగులకు దిక్కులేనప్పుడు పోయిన బండి ఇది. బేరం ఆడకు తమ్ముడూ." నాయన బేరం మానుకోవడం మొదటిసారి చూశాను.

తర్వాత అది. స్టార్ట్ చేసింది. నాయన ముందుకు వచ్చి చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇక్కడ మా వీధి లేదు. మస్తాన్ మామ లేడు.

నేను నడిచి వెళ్ళి ఆయన కుడి పక్కన నిలబడ్డాను. దగ్గరగా.

"నాకైతే ఏ శబ్దమూ లేదు నాయనా. సాఫీగా ఉంది."

కళ్ళు తెరవలేదు. ఒక నిమిషం. తర్వాత నా చెయ్యి పట్టుకుని, తన చెయ్యి తీసి, ఆ చోట నా అరచెయ్యి పెట్టాడు. పైన తన చెయ్యి కప్పాడు.

"ఇప్పుడు సెప్పు. ఏం తెలస్తాండాది?"

మొదట ఎండ వేడి. తర్వాత సన్నని అదురు. ఒకే తీరున, పిల్లి గుర్రుపెట్టినట్టు. ఎక్కడా తట్టుకోవడం లేదు.

"ఒకే మాదిరి ఉండాది" అన్నాను. నాకు తెలియకుండానే ఆయన భాష వచ్చింది.

"తట్టుకుంటాండాదా యాడన్నా?"

"లేదు."

"అయితే తీసుకో."

తీసుకో. వీధిలో అందరికీ చెప్పే మాట. నాకు చెప్పాడు. కానీ ఈసారి విన్నది నేను.

జూన్ 2

అంటే ఆయన ఎప్పుడూ చెవితో వినలేదా? లేక చెవి పోయాక చెయ్యి నేర్చుకుందా?

మరి పుంగనూరులో చెయ్యి ఏమని చెప్పింది? ఒకసారి జరిపి మళ్ళీ పెట్టాడు కదా...

జూన్ 5, గురువారం

సంతకాలు, ఇన్సూరెన్సు, కొత్త టైర్లు రెండు. అయ్యాయి. కారు తెచ్చేశాం. కుప్పం నుంచి మదనపల్లె దాకా నేనే నడిపాను. మొత్తం! పలమనేరు సెంటర్‌లో రెండు బస్సుల మధ్య కూడా ఆగిపోలేదు.

నాయన ఎడమ సీట్లో. అంటే ఆయన కుడి చెవి నా వైపు. ఇన్నేళ్ళూ స్టీరింగ్ ఆయనది. మేమంతా, ఆ ఇంజనూ, ఆయన ఎడమవైపే ఉన్నాం. ఇప్పుడు నేను మామూలుగా, నెమ్మదిగా, ఎప్పుడూ మాట్లాడేంత చిన్నగా మాట్లాడినా ప్రతి మాటా వింటున్నాడు. ప్రతి మాటకూ జవాబిస్తున్నాడు.

మూడు గంటలు మాట్లాడుకున్నాం. నా జీవితంలో ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు.

పలమనేరు దాటాక, అడగకుండానే — "శివప్ప బండి మీద సెయ్యి పెట్టినప్పుడు కొంచెం తట్టుకున్యట్టు అనిపించింది. సెవికేమో ఏం లేదు. సెవినే నమ్మినా." తర్వాత నా వైపు తిరిగి — "నువ్వు ఏమన్నా ఇన్యావా ఆ పొద్దు?"

ముందు లారీ. బ్రేకు. గేరు. గేరు మార్చడం నాకు బాగా వచ్చు. అయినా రెండు చేతులూ చాలనట్టు నటించాను.

లారీ వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. పుంగనూరులో శివప్ప మామ ఇల్లు వచ్చినప్పుడు తల అటు తిప్పుకున్నాడు.

జూన్ 6

వీధంతా కారు చుట్టూ. మస్తాన్ మామ కూడా వచ్చాడు. బానెట్ ఎత్తి, చెవి దగ్గర పెట్టి విని, నాకు మాత్రమే కనిపించేట్టు బొటనవేలు ఎత్తాడు. పైకి మాత్రం — "మీరు సూసినాక నేనేం సూసేది అన్నా!"

నాయన నవ్వాడు. "నేను గాదప్పా. పాప సూసింది."

మాటలు ఆగిపోయాయి. బీడీల అంగడాయన మస్తాన్ మామ వైపు చూశాడు. మామ ఆకాశం వైపు.

నాయనకు తెలుసా? వీధి సంగతి? ఎప్పటినుంచి?

జూన్ 7

అమ్మ కారు ఎక్కింది. వెనక సీట్లో, రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని. గుడిదాకా వెళ్ళి వచ్చాం. దిగేటప్పుడు — "ఆపమని సెప్పకుండానే ఆపినావే."

అమ్మ మెచ్చుకోవడం ఇలాగే ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

పెట్టె సర్దుకున్నాను. రెండు చీరలు, నాలుగు డ్రస్సులు, ఈ డైరీ. పుస్తకాల పెట్టెలు కుప్పంలో ఎదురుచూస్తున్నాయి. పొద్దున ఐదున్నరకు బయలుదేరితే తొమ్మిదికల్లా చేరతాను. నడపడం గురించి భయం లేదు. పిల్లల ముందు చదవడం గురించి కూడా, విచిత్రం, లేదు.

ఇందాక నాయన తలుపు దగ్గర నిలబడి — "రేపు నేనూ పుంగనూరు దాకా వస్తా. ఆడ దిగి బస్సులో ఎనిక్కొచ్చేస్తా."

"పుంగనూరులో ఏం పని నాయనా?"

"పనేం లేదు. నువ్వు మెయిన్ రోడ్డులో ఎట్ల ఆపుతావో సూడాల గదా."

మెయిన్ రోడ్డులో ఎక్కడ ఆపాలో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఇస్త్రీ చొక్కా కొక్కేనికి వేలాడుతోంది.

శివప్ప మామ మాట తప్పలేదని చెప్పాలి. ఆ ఇంటి మెట్లు ఆయన ఎక్కేలోపు చెప్పాలి. చెబితే మిగతాదంతా చెప్పాలి — టక్ టక్, బెల్లు, భుజం తట్టడం, షెడ్డు, మా వీధి మొత్తం.

ఇక్కడి నుంచి పుంగనూరు ముప్పై కిలోమీటర్ల పైనే. దారంతా ఆయన కుడి చెవి నా వైపే ఉంటుంది.

మొదటి మాట ఇంకా దొరకలేదు.